స్కాన్ నార్మల్, మెడ మాత్రం తిరగదు. "టెన్షన్ వల్లే" అంటున్నారు, ఏం చేయాలి?

రేణిగుంట_రోడ్ (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. పోయిన సంక్రాంతికి ముందు చిత్తూరు నుంచి తిరుపతి వస్తుంటే, పూతలపట్టు దాటాక స్పీడ్ బ్రేకర్ దగ్గర నా కారును వెనక నుంచి మినీ లారీ గుద్దింది. బెల్టు పెట్టుకునే ఉన్నా. రక్తం రాలేదు, ఎముక విరగలేదు. దిగి ఆ డ్రైవర్‌తో నాలుగు మాటలు అని, కారు నేనే నడుపుకుంటూ ఇంటికొచ్చా. మర్నాడు పొద్దున మంచం మీద నుంచి తల లేపలేకపోయా.

మెడ కదలకుండా చుట్టూ కాలర్ వేశారు, మాత్రలిచ్చారు, సూదులేశారు. కారుకి డెంటింగ్, పెయింటింగ్ అన్నీ ఎప్పుడో అయిపోయాయి. నా మెడ మాత్రం కుడివైపు తిరగనంటోంది. ఎమ్మారైలో "కొద్దిగా డిస్క్ బల్జ్" (పూసల మధ్య ఉండే మెత్తని డిస్క్ కాస్త ఉబ్బడం) అని తప్ప ఏమీ రాయలేదు. నిన్న చూపించుకున్న డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టేసి, నిద్ర పడుతోందా, కారు నడుపుతున్నారా, భయమేస్తోందా అని అడగడం మొదలుపెట్టారు. చివరికి "మెడకన్నా మనసుకే ఎక్కువ దెబ్బ తగిలింది, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నొప్పి ఇక్కడ మెడలో ఉంటే మనసు మధ్యలో ఎక్కడి నుంచి వచ్చింది? నటిస్తున్నానని అనుకున్నారా? పక్కనే ఉండి విన్న మా ఆవిడ అప్పటి నుంచి అదోలా చూస్తోంది. పుండు మీద కారం చల్లినట్టుంది. ఇలాంటి అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పండి.

కాణిపాకం_మామ

అబ్బాయ్, ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని కోప్పడకు. నేను బస్సులో కండక్టరుగా చేసినోణ్ణి. ఎన్ని గుద్దుడ్లు చూశానో లెక్కలేదు. మా రోజుల్లో ఒక పూట మెడ పట్టేసేది, ఇంట్లో ఆముదం రాసి కాపడం పెట్టేవాళ్లు, మర్నాడు డ్యూటీ. ఇప్పుడేమో కేసు, క్లెయిము, కాలరు. కేసు నడిచినన్నాళ్లూ నొప్పి నడుస్తుంది. నువ్వు కేసేశావా లేదా, ముందది చెప్పు.

ఇంకా తగ్గకపోతే పుత్తూరుకు పోయి నాటువైద్యుల చేత కట్టు కట్టించుకో.

రేణిగుంట_రోడ్

మామా, కేసు వేశా. నా బండికీ, నా వైద్యానికీ ఖర్చు పెట్టింది నేను. అడిగితే తప్పా?

ఫిజియో_కరకంబాడి

రేణిగుంట గారూ, ముందు ఒక్కటి చెప్పండి. చేతుల్లోకి తిమ్మిరి దిగడం, చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు వేళ్లు తడబడడం, చేతిపట్టు తగ్గడం, నడకలో తూలడం, మూత్రం అదుపు తప్పడం, వీటిలో ఏదైనా ఉందా? ఉంటే ఈ చర్చ ఇక్కడే వదిలేసి రేపే వెన్నెముక డాక్టరుకు చూపించుకోండి. లేవంటే మిగతాది చదవండి.

మామగారూ, పుత్తూరు కట్టు చేతికీ కాలికీ కట్టించుకునేవాళ్లు మన జిల్లాల్లో ఇంటికొకరున్నారు. దాని జోలికి నేను పోను. ప్రమాదంలో దెబ్బతిన్న మెడను మాత్రం ఎవరిచేతా తిప్పించుకోకండి, లాగించుకోకండి.

ఇక అసలు సంగతి. వెనక నుంచి బండి గుద్దినప్పుడు సీటు వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ క్షణంలో మెడ కింది భాగం వెనక్కీ, పైభాగం ముందుకూ వంగుతుంది. కండరాలు, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు, వెన్నుపూసల వెనకున్న చిన్న కీళ్లు సాగుతాయి. దీన్నే విప్లాష్ అంటారు. 1995లో కెనడాలోని క్యూబెక్ నిపుణుల బృందం దీన్ని గ్రేడ్లుగా విడదీసింది. నొప్పి, బిగుతు లాంటి బాధలున్నా డాక్టరు పరీక్షలో ఏమీ దొరకకపోతే ఒకటి. వాటితో పాటు పరీక్షలో ముట్టుకున్నచోట నొప్పి, మెడ పూర్తిగా తిరగకపోవడం కనిపిస్తే రెండు. నరాల లక్షణాలుంటే మూడు. ఎముక విరిగినా కీలు తప్పినా నాలుగు. తిమ్మిరి అదీ లేకపోతే మీది రెండోదిలా ఉంది. ఇందులో స్కాన్‌లో మామూలుగా ఏమీ కనిపించదు. కనిపించనంత మాత్రాన దెబ్బ లేదని కాదు.

ఆ "బల్జ్" అన్న మాట చూసి కూడా బెంగపడకండి. జపాన్‌లో మెడనొప్పి లేని 1,211 మందికి ఎమ్మారై తీసి చూశారు, 2015లో అచ్చయింది. 87.6 శాతం మందికి బల్జ్ ఉంది.

మనసు సంగతి డాక్టరు గారు అన్న తీరు నాకూ నచ్చలేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్నలు సరైనవే. మీ నొప్పి నిజమా కాదా అన్నది ప్రశ్నే కాదు, అది నిజం. ఒకేలాంటి దెబ్బ తగిలిన ఇద్దరిలో ఒకరు నెలలో లేచి తిరుగుతుంటే, ఇంకొకరికి ఏడాదైనా ఎందుకు తగ్గదన్నది ప్రశ్న. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా విప్లాష్ బాధితులను మొదట్లోనే "పూర్తిగా తగ్గుతుందనుకుంటున్నారా?" అని అడిగారు. ఆరు నెలల తర్వాత చూస్తే, తగ్గదేమో అన్నవాళ్లు తీవ్రంగా ఇబ్బంది పడే అవకాశం, తగ్గుతుందన్నవాళ్లకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. 2008లో వచ్చిందది. మొదటి నొప్పి ఎంత ఉందన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలబడింది.

రేణిగుంట_రోడ్

తిమ్మిరి లేదు మేడమ్. పట్టు బాగానే ఉంది. కానీ తగ్గుతుందని నమ్మితే తగ్గిపోతుందంటే అదేదో స్వామీజీ ప్రవచనంలా ఉంది.

ఫిజియో_కరకంబాడి

నమ్మకం నేరుగా కీలును బాగుచేయదు. నడవడికను మారుస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రోజూ చూసేదే చెబుతా. మనిషి కుర్చీలో కూర్చుంటాడు, వెనక నుంచి పిలుస్తాను. తల తిప్పడు, నడుము మొత్తం తిప్పుతాడు. ఎందుకంటే తల తిప్పితే లోపలేదో తెగుతుందని భయం. తిప్పక తిప్పక లోతు కండరాలు నీరసపడతాయి, పై కండరాలు వాటి పనీ మీదేసుకుని బిగుసుకుపోతాయి. అప్పుడు కాస్త తిప్పినా నొప్పి పుడుతుంది. చూశావా, నేననుకున్నదే నిజం అనుకుంటాడు. ఇంకా తక్కువ తిప్పుతాడు. దీన్ని మా పుస్తకాల్లో భయం, తప్పించుకోవడం అనే చక్రంగా రాస్తారు. ఇందులో నటన ఎక్కడుంది?

పైగా నిద్ర లేకపోతే అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. ఆందోళనలో ఉన్న శరీరం భుజాలను దించదు. అందుకే నిద్ర గురించి అడుగుతారు.

ఒక్కమాట, కాలర్ ఇంకా వేసుకుంటున్నారా?

రేణిగుంట_రోడ్

బయటికి వెళ్లినప్పుడు వేసుకుంటా. అది ఉంటే ధైర్యంగా ఉంటుంది. జనం కూడా తోసుకోరు.

చంద్రగిరి_కోట

నేను జూనియర్ కాలేజీ లెక్చరర్ని, ఇదే దెబ్బతో బాధపడ్డవాణ్ణి, అందుకే కాస్త ఘాటుగా రాస్తున్నా. ఈ "మనసు" వాదన వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఏమవుతుంది? డాక్టరుకు కారణం దొరకలేదంటే తప్పు రోగి తలలోకి నెట్టేస్తారు. నాకూ అదే జరిగింది. అందుకే కూర్చుని పరిశోధనలు చదివా.

1997లో ఆస్ట్రేలియాలో ఒక ప్రయోగం చేశారు. ఏళ్ల తరబడి విప్లాష్ నొప్పి ఉన్న 17 మందిని తీసుకున్నారు. వాళ్లందరికీ నొప్పి మెడలోని ఒకే ఒక్క చిన్న కీలు నుంచి వస్తోందని ముందే తేల్చుకున్నారు. కొందరికి ఆ కీలు నరాన్ని వేడితో మొద్దుబార్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి చికిత్స. నొప్పి పూర్తిగా పోయినవాళ్లకు ఆందోళన, కుంగుబాటు కూడా పోయాయి. మనసుకు విడిగా ఏ వైద్యమూ చేయలేదు. మరి మనసు వల్ల నొప్పా, నొప్పి వల్ల మనసా?

ఏడాది తర్వాత కూడా సుమారు సగం మందికి ఏదో ఒక మెడ బాధ ఉంటుందని పెద్ద సమీక్షలే చెబుతున్నాయి. ఆ సగం మందీ పిరికివాళ్లేనా?

కాణిపాకం_మామ

సారు ఇంగ్లీషు పుస్తకాలు చదివి వచ్చినారు. మరి కేసు లేనోళ్లకు ఎందుకు తొందరగా తగ్గుతుందో అది కూడా చదివి చెప్పండి.

చిత్తూరోడు_బెంగళూరు

మామా, దానిమీదే పరిశోధనలున్నాయి, నువ్వు చెప్పేదానికి సగం మద్దతు కూడా ఉంది. 1996లో లిథువేనియాలో చేశారు. అక్కడ అప్పట్లో ఇలాంటి దెబ్బకు బీమా డబ్బొస్తుందని జనానికి పెద్దగా తెలియదు, విప్లాష్ అన్న జబ్బుందని కూడా తెలియదు. వెనక నుంచి గుద్దించుకున్న 202 మందిని ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత కలిస్తే 35 శాతం మందికి మెడనొప్పి ఉంది. ప్రమాదమే జరగనివాళ్లలో 33 శాతం మందికి ఉంది. అంటే తేడా లేనట్టే.

ఇంకొకటి కెనడాలోని సస్కాచవాన్‌లో. 1995 జనవరి 1న అక్కడ చట్టం మార్చి, "పడ్డ బాధ"కు ఇచ్చే పరిహారం తీసేశారు. క్లెయిములు నాలుగో వంతుకు పైగా తగ్గాయి. క్లెయిము ముగియడానికి పట్టే కాలం 433 రోజుల నుంచి 194కి పడిపోయింది. 2000లో అచ్చయింది.

ఇంకా తమాషా ఏంటంటే, జర్మనీలో 51 మందిని కారులో కూర్చోబెట్టి, గుద్దినట్టు భ్రమ కలిగించారు. మెడకు ఏ కదలికా తగల్లేదు. అయినా ఐదుగురిలో ఒకరు మెడ, తల నొప్పులని చెప్పారు!

కాణిపాకం_మామ

అట్లా చెప్పు! నేను కండక్టరు సీట్లో కూర్చుని కనిపెట్టింది వాళ్లు కెనడాలో కనిపెట్టినారు.

చంద్రగిరి_కోట

సంబరం అప్పుడే వద్దు మామా. లిథువేనియా లెక్కలో ఒక లోపం ఉంది. ఆ 202 మంది ప్రమాదం జరిగినవాళ్లు, దెబ్బ తగిలినవాళ్లు కాదు. చాలామందికి మొదటిరోజు కూడా మెడనొప్పి లేదు. నొప్పే మొదలవనివాళ్లను కలిపేసి "నొప్పి మిగల్లేదు" అంటే ఎలా? సస్కాచవాన్‌లో కూడా క్లెయిము ముగిసిందంటే ఫైలు మూసినట్టు, నొప్పి తగ్గినట్టు కాదు. అదే పేపర్లో ఇంకో మాట ఉంది, మన బెంగళూరు తమ్ముడు దాటేశాడు. చట్టం పాతదైనా కొత్తదైనా, నొప్పి ఎక్కువున్నవాళ్లకూ, కుంగుబాటు ఉన్నవాళ్లకూ క్లెయిము ముగియడం ఆలస్యమైంది.

చిత్తూరోడు_బెంగళూరు

ఒప్పుకుంటా సార్. అది ఉంది.

కోర్టు_గుమాస్తా

నేను చిత్తూరులో ఒక వకీలు దగ్గర పనిచేస్తా. డబ్బు ఆశ మాట పక్కన పెట్టండి. కేసు మనిషిని ఇంకోలా తింటుంది. వాయిదా వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, ఎలా గుద్దాడు, ఎక్కడ నొప్పి, ఏం చేయలేకపోతున్నావు. అవతలి లాయరు నువ్వు అబద్ధమాడుతున్నావంటాడు. బాగున్నానని చెప్పే వీలు లేని మనిషి ఎలా బాగుపడతాడు? మా దగ్గరికొచ్చే చాలామంది పరిహారంకన్నా, గుద్దినవాడు ఒక్కసారి తప్పైందంటే చాలనుకుంటారు. ఆ అన్యాయం జరిగిందన్న బాధ మెడలో ఎంత ఉంటుందో నాకు తెలియదు, మాటల్లో మాత్రం చాలా ఉంటుంది.

రేణిగుంట అన్నకు ఒక మాట. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 166వ సెక్షన్ కింద క్లెయిముకు ఆరు నెలల గడువు పెట్టారు, మీరు వేసేశారు కాబట్టి ఆ బెంగ లేదు. వ్యాయామం చేస్తే, కాలర్ తీస్తే కేసు బలహీనపడుతుందని ఎవరైనా చెబితే వినకండి. వైద్యం శ్రద్ధగా చేయించుకున్నట్టు కాగితాలుంటేనే మంచిది.

తిరుచానూరు_పూలు

నేను పేషెంటును కాదు, పేషెంటు భార్యను. మాకు పూల అంగడి ఉంది. మా ఆయనకు ఆటో బోల్తాపడి మెడ పట్టేసింది. చామంతి గంప మీద చేయి వేస్తే చాలు, "మీరాగండి" అని నేనే ఎత్తేదాన్ని. పొద్దున లేవగానే నా మొదటి మాట "నొప్పెలా ఉంది?". కాఫీ ఇస్తూ ఒకసారి, అంగడి మూసేటప్పుడు ఒకసారి. ఫిజియోథెరపీలో అమ్మాయి నన్ను బయటికి పిలిచి, "అక్కా, ఒక వారం నొప్పి గురించి అడక్కండి, ఈరోజు ఏం చేశారని అడగండి" అంది. నాకు కోపమొచ్చింది, మొగుడి బాగోగులు అడక్కూడదా అని. కానీ అడగడం మానేశాక ఆయనే ఒకరోజు గంప సగం ఖాళీ చేసి ఎత్తాడు. తర్వాత ముప్పావు గంప.

మీ ఆవిడ అదోలా చూస్తోందన్నారు కదా. అనుమానం కాకపోవచ్చండీ. ఏం చేయాలో తెలియక కూడా అలా చూస్తాం. ఇంకోసారి డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లి, ఆ మాటకు అర్థమేమిటని ఆవిడ ముందే అడగండి.

రేణిగుంట_రోడ్

అక్కా, ఈ మాట ఆవిడకు చూపించా. నవ్వింది. చాన్నాళ్లకు.

పలమనేరు_టమాటా_లోడు

అన్నా, నేను డ్రైవర్ని. నీకు ఒకటి అడుగుతా, నిజం చెప్పు. సిగ్నల్లో ఆగినప్పుడు వెనక ఎవడైనా గట్టిగా బ్రేకేస్తే నీ భుజాలు ఎక్కడుంటాయి?

రేణిగుంట_రోడ్

చెవుల దగ్గర. అద్దంలో చూస్తూనే ఉంటా. లీలామహల్ సర్కిల్ దాటేసరికి చేతులు చెమట పడతాయి. పూతలపట్టు మీదుగా వెళ్లడం మానేశా, చిత్తూరు పని ఉంటే వేరేవాళ్లను పంపిస్తున్నా. ఇది డాక్టరుకు చెప్పలేదు. చెబితే పిచ్చి అనుకుంటారని.

పలమనేరు_టమాటా_లోడు

నాకూ అంతే. మద్రాసు రోడ్డులో కంటైనర్ గుద్దింది. రాత్రి కన్ను మూస్తే హారన్ వినపడేది, ఉలిక్కిపడి లేస్తే మెడ మళ్లీ పట్టేసేది. అంటే పగలు తగ్గించుకున్నది రాత్రి పోయేది. మెడకు ఎన్ని మాత్రలేస్తే ఏం లాభం? 14416కు ఫోన్ చేశా, టెలి మానస్ అంటారు, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను, తెలుగులోనే మాట్లాడినారు. పిచ్చి అని ఎవరూ అనలేదు. తర్వాత తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీలో చూపించుకున్నా. నిద్ర దారిలో పడినాక మెడ కూడా వదిలింది. పూర్తిగా కాదు, చలికాలం పొద్దున ఇప్పటికీ పలకరిస్తుంది.

ఫిజియో_కరకంబాడి

పలమనేరు అన్నా, నేను పేజీలు రాసి అడగలేనిది నువ్వు ఒక్క ప్రశ్నతో అడిగేశావు.

చంద్రగిరి సార్‌కు: మీరు చెప్పిన 1997 ప్రయోగం మంచిది, నేను కాదనను. కీలులో నొప్పి ఉన్నవాళ్లను ఏరి తీసుకున్నారు, వాళ్లకు కీలు వైద్యం పనిచేసింది. మొదట్లో నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్నదే అన్నిటికన్నా గట్టి సూచిక అని కూడా ఒప్పుకుంటా. నేను చెప్పేది, రెండు తలుపులూ తట్టాలని. 2019లో ఆస్ట్రేలియాలోనే 108 మంది కొత్త విప్లాష్ రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మెడ వ్యాయామం. ఇంకో గుంపుకు అదే వ్యాయామంతో పాటు ఒత్తిడి వచ్చినప్పుడు శ్వాసను, కండరాలను ఎలా వదులు చేసుకోవాలి, భయపెట్టే ఆలోచనకు ఏం జవాబు చెప్పుకోవాలి అన్న శిక్షణ. ఇచ్చింది మానసిక వైద్యులు కాదు, మాలాంటి ఫిజియోలే. రెండో గుంపుకు ఇబ్బంది ఎక్కువ తగ్గింది.

రేణిగుంట గారూ, కాలర్ విషయం. నార్వేలో 1998లోనే చూశారు, కాలర్ వేసి సెలవు ఇచ్చినవాళ్లకన్నా మామూలు పనులు చేసుకోమన్నవాళ్లే మెరుగ్గా కోలుకున్నారు. ధైర్యం కోసం వేసుకుంటున్నారన్నారు కదా, ఆ ధైర్యాన్ని మెడకు మెల్లగా అప్పగించాలి. మొదట ఇంటి వీధి చివరి అంగడి వరకు కాలర్ లేకుండా వెళ్లండి. తర్వాత కూరగాయల మార్కెట్టు.

ఇంట్లో చేసుకునేది ఒకటి: వెల్లకిలా పడుకుని, తల కింద తువ్వాలు మడత పెట్టుకుని, "ఊఁ" అని తలూపినట్టు గడ్డాన్ని కొద్దిగా లోపలికి దించండి. తల ఎత్తకూడదు. మెడ ముందుభాగంలో గట్టి కండరం తన్నుకొస్తే బలం ఎక్కువ పెట్టారని అర్థం. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి తెలిస్తే ఫర్వాలేదు, కాసేపటికి సర్దుకోవాలి. చేతిలోకి నొప్పి దిగితే మాత్రం ఆపండి. ఒక్కసారి ఎవరైనా ఫిజియో ఎదురుగా నేర్చుకుంటే మేలు. మీకు దగ్గర్లో స్విమ్స్ ఆసుపత్రి ఉంది.

చంద్రగిరి_కోట

రెండు తలుపులూ అన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. నా బాధల్లా మొదటి తలుపు తెరవకుండానే రెండోది చూపించేవాళ్లతో. మెడను చేత్తో ముట్టుకుని కూడా చూడకుండా "టెన్షన్" అనే డాక్టరు మాట నేను ఇప్పటికీ తీసుకోను.

ఫిజియో_కరకంబాడి

అది నేనూ తీసుకోను సార్.

రేణిగుంట_రోడ్ (బుధవారం)

నిన్న కాలర్ ఇంట్లో వదిలి అంగడి దాకా వెళ్లా. కుడివైపు నుంచి స్కూటీ వస్తే తల తిప్పి చూశా, నొప్పి వచ్చింది, తెగిపోయిందేమీ లేదు. ఆవిడ, నేను శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. డ్రైవింగ్ భయం సంగతి ఈసారి చెబుతా.

పలమనేరు తమ్ముడూ, వచ్చే నెల అమ్మను కొండకు తీసుకెళ్లాలి. ఘాట్ రోడ్డులో నేను నడపొచ్చా?

పలమనేరు_టమాటా_లోడు

మొదట అంత దూరం వద్దన్నా. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు చంద్రగిరి దాకా పోయిరా, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో. అది అలవాటయ్యాక పూతలపట్టు రోడ్డు, ఆ స్పీడ్ బ్రేకర్ దాటి పక్కన ఆపి టీ తాగి రా. కొండకు ఈసారి అమ్మతో బస్సులో పో. ఎక్కేది రెండో ఘాట్, కాస్త నయం. దిగేది మొదటి ఘాట్, 1944 నాటిది, మలుపు మలుపుకీ తల తిప్పాల్సిందే. అది మెడ సరిగ్గా తిరిగినాకే.

కాణిపాకం_మామ

బస్సులో డ్రైవరు వెనక మొదటి సీటు అడుగు. కుదుపు తక్కువ. ఫిజియో అమ్మా, నాకు కూడా పొద్దున లేస్తే ఎడమవైపు మెడ పట్టేస్తాంది. కేసు ఏమీ లేదు మరి, ఎందుకంటావు?

ఫిజియో_కరకంబాడి

దిండు ఎంత ఎత్తుంది మామగారూ? ఫోటో పెట్టండి, చూసి చెబుతా.